యేసురత్నం గారి యూరియా పంజరం

మా కళాశాల రసాయనశాస్త్ర ఉపన్యాసకులు యేసురత్నం గారు ఇక లేరన్న దుర్వార్త మొన్న ఆదివారం పొద్దున జహీరాబాద్ బస్టాండులో నా చెవిన పడింది. శుక్రవారం సాయంత్రం నాతో కూర్చుని చాయ్ తాగిన మనిషి! హైదరాబాదు దవాఖానకు తీసుకుపోతుండగా దారిలోనే గుండె ఆగిందట. నమ్మబుద్ధి కాలేదు. ఏడుపు విని నమ్మే వేళకు వారి ఇంటి ముందు నిలబడి ఉన్నాను.

ఆయనది రసాయనం, నాది తెలుగు. ఏళ్ల తరబడి స్టాఫ్‌రూములో ఎదురెదురు కుర్చీలు మావి. కొన్ని అణువులు గూడులా అల్లుకొని మరో అణువును లోపల దాచుకుంటాయట. దానికో తెలుగు మాట కావాలని ఒకనాడు నన్ను అడిగారు. నా పాండిత్యమంతా కూడగట్టి "అంతర్గ్రహణ సమ్మేళనం" అన్నాను.

"అయ్యా, గా మాట పలికేలోపు గంట కొడ్తరు. పంజరం అంట, సాలు" అని పకపకా నవ్వారు. నా పాండిత్యం నా దగ్గరే ఉండిపోయింది.

ఆ పంజరాన్ని చూపడానికి ఆయన విదేశీ పరికరాలేవీ కోరలేదు. ఝరాసంగం రైతు ఒకాయన చెరుకుకు చల్లగా మిగిలిన యూరియా తెచ్చిచ్చేవాడు. దాన్ని స్పిరిట్‌లో కరిగించి, డీజిల్ పోసి గిలకొడితే తెల్లని సూదుల్లాంటి పలుకులు పేరుకునేవి. వడకట్టి ఆరబెడితే చూపుకు ఉప్పే. ఆ ఉప్పును నీళ్లలో వేయగానే యూరియా కరిగిపోయి, లోపల దాగిన నూనె పైకి తేలేది. విద్యార్థులు బెంచీల మీదికి ఎక్కి మరీ చూసేవారు.

"సన్నగ, పొడుగ్గ ఉన్న అణువునే రానిస్తది. కొమ్మలున్నదాన్ని రానియ్యదు. ఇంకో ముచ్చట వినుండ్రి. సుట్టం రాకముందు ఈ ఇల్లే లేదు. సుట్టం సుట్టూతనే గోడలు లేస్తయి" అని చెప్పేవారు. నాకు రసాయనం అబ్బలేదు గానీ ఆ మాట మాత్రం వంటబట్టింది.

ఈ వింత ఊళ్లోకి పాకింది. పాకిన కొద్దీ పెరిగింది. డీజిల్‌లో కిరోసిన్ కలిపితే యేసురత్నం సారు ఇట్టే పట్టేస్తారని బొంబాయి రోడ్డు మీది లారీలవాళ్లు నమ్మేశారు. మొగుడంపల్లి బస్వరాజ్ సేట్‌కు నాలుగైదు లారీలుండేవి. ఒక మధ్యాహ్నం ఆయన తన డ్రైవరు గఫూర్‌ను రెక్క పట్టుకుని ప్రయోగశాలకు లాక్కొచ్చాడు. చాయ్‌కి పిలవబోయిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"లారీల పోసిన డీజిల్ లెక్కకు వస్తలేదు. వీడు అమ్ముకొని కిరోసిన్ కలుపుతుండు సారూ. జర చూసి చెప్పుండ్రి."

"అల్లా తోడు సాబ్, నేనేం కలపలె. పిల్లలు గలోణ్ణి" అన్నాడు గఫూర్.

యేసురత్నం గారు లారీ డీజిల్‌ను, సేట్ స్వయంగా కొని తెచ్చిన డీజిల్‌ను, వట్టి కిరోసిన్‌ను వేరువేరుగా యూరియాతో కలిపారు. మూడింటిలోనూ తెల్లని పలుకులు వచ్చాయి.

"చూసిన్రా సేట్? డీజిల్ల, కిరోసిన్ల రెండిట్ల పొడుగు అణువులుంటయి. కలిపిండా లేదా అన్నది ఈ పంజరం చెప్పదు. నాకు తెల్వదు."

"మీరొక్క మాట కలిపిండని అంటే సాలు సారూ. సైన్సు సారు చెప్పిన్రంటే ఎవ్వడూ నోరు తెరవడు."

సేట్ మా కళాశాల కమిటీలో పెద్ద తలకాయ. ప్రయోగశాలకు కొత్త త్రాసు కొనిస్తానని ఆ నెలలోనే మాటిచ్చాడు. ఆ సంగతి గదిలో ఉన్న అందరికీ తెలుసు.

"తెల్వనిది తెల్సునని ఎట్లంట సేట్? గఫూర్ కూడు పోతది గద!" అన్నారు యేసురత్నం గారు, నెమ్మదిగానే.

సేట్ విసవిసా వెళ్లిపోయాడు. రుజువు లేక గఫూర్‌ను తీసేయలేకపోయాడు. త్రాసు మాత్రం రాలేదు. బజారులో మా మిత్రునికి "తెల్వదు సారు" అని పేరు పెట్టారు. నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం "అబద్ధమేం కాదు గద" అంటూ పాత త్రాసు పళ్లేలు తుడుచుకునేవారు.

విద్య వినయాన్ని ఇస్తుందని ఏటేటా తరగతిలో వల్లె వేయించేవాణ్ణి నేను. తన విద్యకు హద్దు ఎక్కడో తెలిసి, అక్కడ నిలబడి, నిందను నవ్వుతూ మోసిన మహానుభావుడు ఆయన. అంతటి సత్యనిష్ఠను మళ్లీ చూస్తానన్న ఆశ నాకు లేదు. ఆ పుణ్యమూర్తికి తడి కళ్లతో తల వంచుతున్నాను.

సమాధి మీద మట్టి వేసి వస్తుంటే బస్వరాజ్ సేట్ నా చేయి పట్టుకున్నాడు. గఫూర్ ఆయన వెనుకే ఉన్నాడు.

"ట్యాంకు పగిలి డీజిల్ కారుతుండెనని తర్వాత తెలిసింది సారూ. ఆ దినం ఆయన ఊ అని ఉంటే, వీణ్ణి పెండ్లాం పిల్లలతోని రోడ్డు మీద పడేద్దును" అన్నాడు సేట్. నా చేయి వదలకుండానే మళ్లీ అన్నాడు:

"నాది తొందర బుద్ధి. ఇగ నన్నెవరు ఆపుతరు సారూ?"