నీలం మంట పరీక్ష

సిరొంచ జూనియర్ కాలేజీలో నేను కెమిస్ట్రీ చెప్పిన రోజుల్లో, మా ల్యాబ్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టిన వస్తువు చూడటానికి మంచినీళ్లలా ఉండేది. మిథైల్ ఆల్కహాల్. పిల్లలు యాసిడ్ సీసాలకు ఆమడ దూరంలో ఉండేవారు, ఎందుకంటే యాసిడ్ మీద పడగానే మండుతుంది. ఇది అలా కాదు. తాగితే కాస్త మత్తు ఎక్కుతుంది, హాయిగా నిద్ర పడుతుంది, తెల్లారి లేచి పనికి కూడా వస్తారు. ఆ తర్వాత తీరిగ్గా కళ్ల మీదికి వెళ్తుంది. ఇంత కపటమైన ద్రవం ఇంకొకటి నాకు తెలియదు.

ల్యాబ్ అటెండెంటును అందరం కాకా అనేవాళ్లం. నేను అదే కాలేజీలో చదువుకున్నప్పుడు కూడా ఆయనే అటెండెంటు, అందుకే నలుగురిలో మేడం అన్నా, ఎవరూ లేనప్పుడు బిడ్డా అనేవాడు. ప్రతి ఏడూ ప్రాక్టికల్స్ ముందు ఆయనకు కూర్చోబెట్టి చెప్పేదాన్ని. ఈ సీసా మూత తీసి పెట్టొద్దు, కిటికీలు తెరిచి ఉంచు, చేతి మీద పడితే వెంటనే కడుక్కో, నిప్పు దగ్గరికి తేవద్దు, చుక్క నోట్లో పడ్డా నాకు చెప్పు. సీసా మీద పుర్రె, ఎముకల బొమ్మ అంటించాను. అలమరకు తాళం వేయించాను. ల్యాబ్ తాళంచెవులన్నీ అటెండెంటు దగ్గరే ఉండాలన్నది కాలేజీ రూలు కాబట్టి ఆ తాళంచెవీ ఆయన మొలతాడుకే వేలాడేది.

ఆ పుర్రె గురించి చెప్పాలి. మా గడ్చిరోలి జిల్లాలో దారూబందీ, అంటే మద్యనిషేధం. దారూ విషమని మరాఠీలో రాసి, పక్కన అదే పుర్రెను, అవే ఎముకలను ఊళ్లో గోడల మీద వేయించారు. ఆ గోడకు వీపు ఆనించి సగం ఊరు తాగేది. ఎవరికీ ఏమీ కాలేదు. నేను సీసాకు బొమ్మ అంటిస్తుంటే కాకా నవ్వాడు.

"సర్కారుకు నచ్చనిదానికల్ల గీ బొమ్మనే ఏస్తరు బిడ్డా."

కోప్పడ్డాను. సరేనని తల ఊపాడు. తల ఊపడం ఆయనకు బాగా అలవాటు.

మా వైపు సారా మంచిదో కాదో చెప్పేది గోడ మీది బొమ్మ కాదు, పొయ్యి. ఇప్పసారా దించగానే కొంచెం నిప్పులో చిలకరిస్తారు. నీళ్లు కలిపిందయితే సుయ్యిమంటుంది. అసలుదయితే నీలంగా మండుతుంది. ఆ తర్వాత పోసినవాడు ముందు తాగాలి, అతిథి వెనక తాగాలి. ఈ రెండూ దాటిన సారాను మా వాళ్లు కళ్లు మూసుకుని తాగేస్తారు. కాకా ఈ విద్యలో పేరున్నవాడు. పెళ్లిళ్లకు పిలిపించుకుని మరీ ఆయనతో మంట చూపించుకునేవారు.

ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షలకు అహేరి నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. సర్కారు ఎస్టీ బస్సు దిగుతూనే ఒళ్లునొప్పులన్నాడు. ఆ నొప్పులకు ఏ మందు కావాలో మా ప్రిన్సిపల్‌కు తెలుసు. నా ఎదుటే కాకాను పిలిచాడు.

"సార్‌కు సాయంత్రం జర ఇంతజాం చెయ్యి. పిల్లల మార్కుల సంగతి, తెలుసుగద."

తర్వాత జరిగింది కాకా నోటితోనే విన్నాను. ఆ రోజుల్లో పోలీసులు ఇళ్ల మీద పడి కుండలు పగలగొడుతున్నారు. కాకా భార్యను, నేను చిన్నమ్మా అని పిలిచే ఆవిడను, వాకిట్లో నలుగురి ముందు నిలబెట్టి నానా మాటలు అన్నారు. ఊరంతా తిరిగినా కాకాకు చుక్క దొరకలేదు. అప్పుడు అలమర గుర్తొచ్చింది. సీసాలోంచి కొంచెం గాజు పళ్లెంలో పోసి అగ్గిపుల్ల గీశాడు. పొగ లేకుండా నీలంగా మండింది. అంత శుభ్రమైన మంట తన జన్మలో చూడలేదని చెప్పాడు.

స్టీలు గ్లాసుల్లో పోసి గెస్ట్ రూముకు తీసుకెళ్లాడు. పద్ధతి ప్రకారం తాను ముందు తాగాడు. ఎగ్జామినర్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన చదివింది, చెప్పేది కెమిస్ట్రీ. గ్లాసు కింద పెట్టి, "నాకొద్దు, నువ్వే తాగెయ్" అన్నాడట. అంతే, ఇంకొక్క మాట లేదు. అతిథి వదిలేసింది పారబోయడం మా వాళ్లకు చేతకాదు. కాకా ఆ గ్లాసూ తాగాడు.

మర్నాడు వేళకే వచ్చి బ్యూరెట్లు కడిగి స్టాండ్లకు బిగించాడు. శివరాత్రి దాటిన ఎండ కిటికీల్లోంచి పడుతోంది. మధ్యాహ్నం బ్యాచ్ మొదలవుతుంటే నా దగ్గరికి వచ్చాడు.

"మబ్బు పట్టిందా బిడ్డా? అంత తెల్లగ కనపడుతున్నది."

నాకు అర్థమయ్యేలోపే చేతిలోని బీకరును బల్ల మీద అనుకుని గాల్లో పెట్టాడు. అది పగిలింది. ఆయన కడుపు పట్టుకుని కూర్చుండిపోయాడు. ప్రిన్సిపల్ జీపు తెప్పించి తానే ఎక్కించుకున్నాడు. నేనూ వస్తానంటే, "పరీక్ష ఆపద్దు మేడం, అన్నం అరగనట్టుంది" అన్నాడు.

నేను బ్యాచ్ నడిపించాను గానీ ఆ తెల్లదనం నన్ను వదల్లేదు. పిల్లలు బయటికి పోగానే అలమర చూశాను. నిండా ఉండాల్సిన సీసా సగానికి వచ్చింది. ఎగ్జామినర్‌ను అడిగాను. మార్కులు వేస్తున్నవాడు తల ఎత్తలేదు.

"నేనైతే తాగలేదు" అన్నాడు.

ఆస్పత్రికి పరుగెత్తాను. పెళ్లిలో ఏదో పాచిది తిన్నాడని ప్రిన్సిపల్ చెప్పినందుకు కాకాకు గ్లూకోజు ఎక్కుతోంది. నిజం చెబితే దారూబందీ జిల్లాలో ఎగ్జామినర్ మర్యాద, తన కుర్చీ రెండూ కదులుతాయని ఆయన భయం. నేను సీసా పేరు చెప్పాను. డాక్టరు నాగపూర్ వైపు మనిషి, ప్రిన్సిపల్‌ను హిందీలో తిట్టని తిట్టు లేదు. తర్వాత నాతో అన్నాడు, ఈ విషాన్ని ఆపాలంటే మనుషులు తాగే అసలు మందే లోపలికి పోవాలి, దానికి తగినది ఇక్కడ నా దగ్గర లేదు, నిషేధం లేని నది అవతలి ఒడ్డు నుంచి తెప్పించేదాకా ఆగితే కళ్లే కాదు, మనిషే దక్కడు.

వరండాలోకి వచ్చి, "దారూ చాహియే. ఇప్పసారా ఐనా సరే. ఎవరి దగ్గర ఉంది?" అన్నాడు.

వరండా నిండా జనం. గేటు దగ్గర ఒక కానిస్టేబుల్. వాళ్లలో సగంమంది ఇళ్లలో కుండలున్నాయని నాకు తెలుసు, కానిస్టేబుల్‌కు నాకంటే బాగా తెలుసు, ఎందుకంటే అతను తాగేది అక్కడే. మా దగ్గర లేదంటే మా దగ్గర లేదన్నారు. చిన్నమ్మ అందరికంటే గట్టిగా చెప్పింది.

"మా ఇంట్ల లేదు సారు. మేం గసొంటి పని చేస్తలేం."

నేను చేతులు పట్టుకుని బతిమాలాను. కేసు పెట్టరని కానిస్టేబుల్‌తో ఒక మాట చెప్పించాలని చూశాను. అతను గోడ మీది మలేరియా పోస్టరు చదువుతున్నాడు. లోపల కాకా ఎగశ్వాస బయటికి వినిపిస్తోంది. చాలాసేపటికి చిన్నమ్మ, కప్పడానికి చద్దరు తెస్తానని లేచి పోయింది. వచ్చాక ఆ చద్దరు మడతలోంచి ఒక సీసా తీసి డాక్టరుకిచ్చింది.

"మంచిదేనా?" అని అడిగాడాయన.

"మంటేసి చూసిన సారు. నీలంగ మండింది."

ముక్కులోంచి గొట్టం వేసి ఎక్కించారు. కాకా బతికాడు. కళ్లు పోయాయి. తెచ్చినప్పుడే నిజం చెప్పుంటే చూపు కొంతైనా మిగిలేదేమోనని డాక్టరు ప్రిన్సిపల్ మొహం మీదే అన్నాడు. ప్రిన్సిపల్ అయ్యో పాపం అన్నాడు. ఆ నోటితోనే, కాలేజీ మందు దొంగతనంగా తాగాడని చెప్పి కాకాను ఉద్యోగంలోంచి తీయించాడు. కానిస్టేబుల్ చిన్నమ్మ మీద సారా కేసు రాశాడు. ఎగ్జామినర్ మా పిల్లలకు దండిగా మార్కులు వేసి బస్సెక్కాడు. మరుసటి ఏడు మళ్లీ ఆయనే వచ్చాడు, ఈసారి నది అవతలి సీసా తన సంచిలోనే తెచ్చుకున్నాడు. వాళ్ల ముగ్గురి మీదా నా కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చుకోవాలన్న ఆశా లేదు. ల్యాబ్‌లో మాత్రం ప్రిన్సిపల్ హుకుం మీద సీసాలకు ఇంకా పెద్ద పుర్రెలు అంటించారు.

వానలు వెళ్లాక ఒక పొద్దున వాళ్లింటికి వెళ్లాను. చిన్నమ్మ ఇప్పుడు బతుకుతెరువుకు బాహాటంగానే సారా కాస్తోంది. కాకా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముందు ఒక నిండు గ్లాసు ఉంది, ముట్టలేదు. నేను వచ్చానని తెలిసి పక్కన కూర్చోమన్నాడు.

"గడ్డిల కుండ దాచింది బిడ్డా ఈమె. నేను ఊరంత తిరిగిన నాడు గూడ ఉండె. నాకు చెప్పలె. డాక్టరు అడిగితె గూడ లేదన్నది."

"పోలీసులకు భయపడ్డది కాకా."

"భయపడ్డది. ఇప్పుడు నేను భయపడుతున్న."

గ్లాసు ఎందుకు ముట్టలేదో చిన్నమ్మ చెప్పింది. నిన్న దించిన సారా అది. మంటను ఆయన చూడలేడు, చూసినా ఇక నమ్మడు. అందుకని దించిన ప్రతిసారీ ఆమె నిండు గ్లాసు తాగాలి. ఆయన ఆ పూట తాగడు. రాత్రి గడవనిచ్చి, మర్నాడు ఎండ ఎక్కాక అడుగుతాడు.

నేనుండగానే అడిగాడు.

"మబ్బు పట్టిందా?"

చిన్నమ్మ గడపలోకి వెళ్లి ఆకాశం వైపు, తర్వాత తన రెండు అరచేతుల వైపు చూసుకుంది.

"లేదు. మంచిగ కనపడుతున్నది" అంది.

కాకా గ్లాసు కోసం నేల మీద చెయ్యి తడిమాడు.