మూడిండ్ల బైరప్ప

మదనపల్లె డిపోలో మేమిద్దరం పదకొండేళ్ళు ఒకే బస్సు తిప్పాం. నేను డ్రైవర్ని, బైరప్ప కండక్టరు. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం. టికెట్లు కొట్టడం అయిపోగానే వాడు నా వెనక కడ్డీ పట్టుకుని నిలబడి ఊళ్ళు బేరీజు వేసేవాడు. ఏ స్టాపులో పుస్తకాల సంచులు దిగుతున్నాయి, ఏ స్టాపులో గ్యాసు పొయ్యి, పరుపుచుట్ట దిగుతున్నాయి అని చూసి, అక్కడ ఇల్లు కొంటే అద్దెకు ఎవరొస్తారో చెప్పేవాడు. బ్రోకర్ల అవసరమే లేదు. ఆ విషయంలో వాడిది గొప్ప బుర్ర, కాదనను.

నిమ్మనపల్లెలో తన వాటా ఇల్లు అమ్మి మొదలుపెట్టి, ఇరవై ఏళ్ళలో ఆ దారిలోనే మూడూళ్ళలో మూడిళ్ళు కొన్నాడు. కుప్పంలో చదువుకునే పిల్లలకిస్తే అద్దె బాగా వస్తుంది, కుళాయిలే మిగలవు. మదనపల్లెలో ఉద్యోగస్తులు ఇంకా బాగా ఇస్తారు, బదిలీ అయితే పోతారు. పుంగనూరులో అద్దె తక్కువ, చేరినవాళ్ళు మాత్రం కదలరు.

ఇంతా చేసి తానుండేది మదనపల్లెలో రెండు గదుల అద్దె వాటాలో. సొంతింట్లో చేరితే దాని అద్దె పోతుందని వాడి బాధ. వాడి భార్య అన్నపూర్ణమ్మకేమో సొంతింట్లో ఉండాలని ఒకటే కోరిక. పుట్టింటి రోలును ఏడు అద్దె ఇళ్ళకు మోసుకొచ్చింది. ఏ ఓనరూ దంచనివ్వలేదు.

"సూడన్నా, మూడిండ్లుండాయి మాకు. నేను మాత్రం కారం దంచుకునేదానికి యాడా సోటు లేదు" అనేది నాతో.

"వచ్చే ఏడు పోదాంలే" అనేవాడు బైరప్ప. ఏటా అదే మాట.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళను వాడు మొదట అడిగేది, "ఇంట్లో ముసలోళ్ళుండారా?" అని. చెడు నక్షత్రంలో ఎవరైనా పోతే, శవాన్ని ఉంచిన ఇంటిని మా వైపు ఆరు నెలలు మూసేస్తారు. పుంగనూరు ఇంట్లో పాలకేంద్రం ఉద్యోగి మునిచంద్ర ఉండేవాడు. అతని తల్లి రేపో మాపో అన్నట్టుందని తెలిసి బైరప్ప సెలవు పెట్టి మరీ వెళ్ళాడు. "మన ఇంట్లో వద్దప్పా, మీ ఊరికి పిల్సుకోని పో" అన్నాడు. మునిచంద్ర తల్లిని ఆటోలో సదుం తీసుకెళ్తుంటే దారిలోనే ఆమె పోయింది. బైరప్ప ఆ సంగతి చెప్పి, "ఇల్లు దక్కిందప్పా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా గేరు మార్చి బస్సు ముందుకు పోనిచ్చాను.

పోయినేడు అన్నపూర్ణమ్మ వారం రోజులు ఆస్పత్రిలో ఉండి, ఒక ఉదయం కన్నుమూసింది. బైరప్ప అద్దెకుండే ఇంటి ఓనరు ఫోను చేసి ఓదార్చి, "ఇంటికి మాత్రం తేవద్దప్పా" అన్నాడు. మదనపల్లె సొంతింట్లో అద్దెకున్నవాళ్ళు కూతురి పెళ్ళికి పందిరి వేసుకున్నారు. కుప్పం ఇల్లు చాలా దూరం. మా ఇంటికి తెమ్మని నేనూ అనలేదు. మా కోడలు నిండు నెలలతో ఉంది. ఆ సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు. అంబులెన్సు ఆస్పత్రి గేటు దగ్గరే గంటసేపు ఉండిపోయింది. చివరికి బైరప్ప మునిచంద్రకు ఫోను చేశాడు.

"అడగాల్నా అప్పా? అమ్మను తీసుకోని రాండి" అన్నాడతను.

మేం చేరేసరికి హాలు ఖాళీ చేసి, నేల కడిగి ఉంచాడు. అన్నపూర్ణమ్మ తన సొంతింటి గడప దాటడం అదే మొదలు. బైరప్ప మునిచంద్ర చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"మా అమ్మ మంచం గూడా ఈడనే ఉండేదప్పా. ఆ పొద్దు మీరు ఒక్క పూట ఓర్సుకోనుంటే సాలుండె" అన్నాడు మునిచంద్ర. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బైరప్ప తట్టుకునేవాడేమో.

నక్షత్రం మంచిది కాదన్నాడు పురోహితుడు. ఇల్లు మూశారు. మునిచంద్ర మారుమాట లేకుండా భార్యాపిల్లలతో వేరే ఇంటికి మారాడు. ఆరు నెలలయ్యాక బైరప్ప వెళ్ళి రమ్మని బతిమాలినా తిరిగి రాలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో బైరప్ప ఒక్కడే ఉంటున్నాడు. మొన్న చూడ్డానికి వెళ్ళాను. వంటింటి పక్కన నేల తవ్వించి రోలు పాతించాడు. చుట్టూ సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. టీ ఇచ్చి, నా పక్కన కూర్చుని, రోలు వైపు తిరిగాడు.

"ఇంగ దంచుకోవే, ఎవురూ ఏమీ అనరు" అన్నాడు. నాతో కాదు.