తలుపవతలి పాట

ఆ క్లబ్బు బౌన్సరు మనిషి భారీ, మాట పొదుపు. రోజూ నల్లచొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, తలుపుకి వీపు ఆనించి నిలబడతాడు. లోపలి పాటలు అతనికి వీపుతోనే పరిచయం. మాటలు బయటికి రావు, దడదడ ఒక్కటే వస్తుంది. వాటిలో ఒక పాటంటే అతనికి హడల్. సగంలో దడదడ ఆగిపోయి, జనమంతా ఒక్కసారిగా అరుస్తారు. కొట్లాటేమోనని అతను తలుపు తోసుకుని లోపలికి దూకుతాడు. అందరూ అతన్నే చూసి పగలబడి నవ్వుతారు. తాగి ఉన్నారులే అనుకుని, తలుపు మూసి వచ్చేస్తాడు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో భార్య రేడియో పెట్టుకుని బట్టలు మడతపెడుతుంటే ఆ దడదడే వచ్చింది, ఈసారి మాటలతో సహా. పాటలో ఒక పిల్ల క్లబ్బులో ప్రియుణ్ణి డాన్సుకి రమ్మంటోంది. వాడు బెట్టు చేస్తున్నాడు. "నువ్వు రాకపోతే పో, గుమ్మం దగ్గర నించున్న మావని పిలుచుకుంటా" అంది. దడదడ ఆగింది. "మావా, రావా!" అని అందరూ అరిచారు. అతని టీ గ్లాసు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సంగతంతా భార్యకి చెప్పాడు. ఆవిడ మడత ఆపి, "ఇన్నాళ్లూ పిలిచినప్పుడల్లా వెళ్లావా?" అంది. "డ్యూటీ కదే" అన్నాడు. "మరి వాళ్లు అంత ముద్దుగా పిలుస్తుంటే, కొట్టడానికి వచ్చినట్టు వెళ్తావేం?" అంటూ ఆవిడ నల్లచొక్కా తీసి ఇంకోసారి ఇస్త్రీ చేసింది. ఆ సాయంత్రం పాట వచ్చింది, దడదడ ఆగింది, జనం అరిచారు. అతను జేబులోంచి దువ్వెన తీసి, నిదానంగా మీసం దువ్వుకుని, తలుపు తోశాడు.