మళ్ళీ టీచరమ్మ చదువు

పిల్లలు ఆమెకు పెట్టిన పేరు మళ్ళీ టీచరమ్మ. ఏ పాఠమైనా చివరికి వచ్చేసరికి “అర్థం కాలేదా? మళ్ళీ చెప్తా” అంటుంది. అని ఊరుకునే రకం కాదు, నిజంగానే మళ్ళీ చెబుతుంది. ఏళ్ళ తరబడి రెండో తరగతికి చెప్పీ చెప్పీ చెవుల పక్కన జుట్టు నెరిసింది గానీ ఆ ఓపిక మాత్రం చెక్కుచెదరలేదు.

ఆమె తరగతిలో ఒక వింత నియమం ఉంది. జవాబు తెలిసినవాళ్ళు చెయ్యెత్తడం ఎక్కడైనా ఉన్నదే. మరి తెలియనివాళ్ళ మాటేమిటి? వాళ్ళకూ చేతులున్నాయి కదా! అందుకని అర్థం కానివాళ్ళు తలమీద చెయ్యి పెట్టుకోవాలి. నోరు విప్పనక్కర్లేదు, సిగ్గుపడనక్కర్లేదు. చెయ్యి కనబడగానే, చెప్పేది టీచరైనా సరే, పక్క బెంచీ పిల్లైనా సరే, ఆగి ఇంకాస్త తేలిక మాటల్లో మళ్ళీ చెప్పాలి. హెడ్మాస్టరు వరండాలోంచి తొంగిచూసి, “ఏంటమ్మా, పిల్లలంతా కొంప మునిగినట్టు కూర్చున్నారు?” అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ నియమమంటే ఆమెకు ప్రాణం. పుస్తకాల్లో చూసింది కాదు, ఎవరో నేర్పింది కాదు, తాను సొంతంగా కనిపెట్టింది.

చిన్నప్పటినుంచీ ఆమెకు ఒక కల ఉంది. పొడుగాటి కిటికీలున్న లైబ్రరీలో, బల్లమీద వాలిన ఎండలో, తానేదో రాసుకుంటూ కూర్చున్నట్టు. పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం అంటూ ఆ కల వెనక్కి జరుగుతూ వచ్చింది గానీ చెరిగిపోలేదు. ఆఖరికి పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, పరీక్ష రాసి యూనివర్సిటీలో సాయంకాలపు తరగతులకు సీటు తెచ్చుకుంది. తన నియమం గురించే పరిశోధన చేస్తానంది.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల అమ్మాయ్? ఈ వయసులో నీకీ చదువేంటి?” అంది అత్తగారు. అంటూనే ఆ రోజునుంచి సాయంత్రం పొయ్యి బాధ్యత తన మీద వేసుకుంది. అత్తగారి నోరు ఒక దారి, చెయ్యి ఇంకో దారి.

బడి వదలగానే ఆమె బస్సెక్కేది. కిటికీ పక్క సీటు దొరికితే ఆ పూటకు రాజ్యమేలినట్టే. ఎండ ఎర్రబడి ఇళ్ళ గోడల మీద జారుతుండేది, బస్సు ఊగుతుండేది, ఆమె కళ్ళు మూతపడేవి. ఆ మగతలో, తరగతిలో విన్న మాటలు ఒక్కొక్కటే బస్సెక్కేవి. ప్రాతిపదిక, పరికల్పన, సైద్ధాంతిక చట్రం. అన్నీ పెద్ద పెద్ద సంచులతో ఎక్కి, ఎవరి సీట్లో వాళ్ళు బిగుసుకుని కూర్చునేవి. “ఎక్కడ దిగుతారండీ?” అని ఆమె మర్యాదగా అడిగేది. ఒక్కటీ పలికేది కాదు. కండక్టరు భుజం తట్టేసరికి యూనివర్సిటీ స్టాపు వచ్చేసేది.

గైడు మేడమ్ ఆమెకన్నా పదేళ్ళు చిన్నది. కోపం లేదు, నవ్వూ లేదు. మొదటిసారి రాసిచ్చిన కాగితాలు తిరగేసి, “ఇది కథలా ఉందండీ. పరిశోధన పేపర్‌లా లేదు” అంది. కాగితాల నిండా ఎర్ర సిరా. “నా తరగతిలో అర్థం కాని పిల్లలు దాచుకోరు” అని రాసిన చోట పక్కనే “ఎలా తెలుసు?” అని ఉంది. ఇన్నాళ్ళ అనుభవాన్ని పట్టుకుని ఎలా తెలుసంటుందేమిటి! మళ్ళీ టీచరమ్మకు ఒళ్ళు మండింది. కానీ పైకి “సరేనండీ” అంది.

పరిశోధన ముందుకు సాగాలంటే, గైడు మేడమ్‌తో కలిపి ముగ్గురు ప్రొఫెసర్ల ముందు తన విషయం వినిపించి ఒప్పించుకోవాలి. మొదటిసారి ఒప్పుకోలేదు. ఇంకొక్క అవకాశం ఉందన్నారు. అదీ తప్పితే సీటు పోతుంది, సీటుతోపాటు ఆ పొడుగాటి కిటికీలూ పోతాయి. ఆ వారమంతా ఆమె మెతుకు సరిగ్గా మింగలేదు.

ఆరునూరైనా పెద్ద మాటలు పట్టాల్సిందేనని కూర్చుంది. లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని, వాక్యానికి వాక్యం బరువు కట్టింది. ఆ బరువు నాలుకనూ వదల్లేదు. ఒకరోజు భోజనాల దగ్గర భర్త “కూరెలా ఉంది?” అంటే, “ప్రాథమిక పరిశీలనలో లవణ లోపం కనబడుతోందండీ” అంది. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషి, ఎవరికి ఏం కనబడదో ఆయనకు తెలుసు. “ఉప్పు తక్కువైందనడానికి అంత దూరం వెళ్ళి రావాలటే?” అని పొలమారేలా నవ్వాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు. వండింది ఆవిడే.

తరగతిలోనైతే మరీ అన్యాయం. తీసివేత చెబుతూ చెబుతూ, “దీనికి ప్రాతిపదిక ఏంటంటే” అనేసింది. టపటపా చేతులన్నీ తలలమీదికి వెళ్ళాయి. ఒక తుంటరి రెండు చేతులూ పెట్టేశాడు. ఆమె మనసు చివుక్కుమంది. ఒక్క పాప మాత్రం చేతులు కట్టుకుని చిరునవ్వుతో తలాడిస్తోంది. ఆ పాపది కిటికీ పక్క చోటు, అందుకే అందరూ కిటికీ పాప అంటారు. ఎప్పుడూ తలమీద చెయ్యి పెట్టి ఎరగదు. పోనీలే, దీనికైనా నా మాట తలకెక్కుతోంది అనుకుని మళ్ళీ టీచరమ్మ ఊపిరి పీల్చుకుంది.

రెండో అవకాశం రోజు రానే వచ్చింది. గదిలో పొడుగు బల్ల, అవతల గైడు మేడమ్, ఇద్దరు పెద్ద ప్రొఫెసర్లు. కిటికీలోంచి సాయంకాలపు వెలుగు నీళ్ళలా నేలంతా పరుచుకుంది. ఆమె కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టింది. “తరగతిగది సంభాషణలో అభ్యాసకుల మౌనానికి గల సైద్ధాంతిక ప్రాతిపదికల నేపథ్యంలో...” తన గొంతే ఎక్కడో పక్క గదిలోంచి వస్తున్నట్టుంది. వాక్యం సాగుతోంది, సాగుతోంది, బస్సులాగే ఊగుతోంది. అది ఎక్కడ దిగుతుందో ఆమెకూ తెలియడం లేదు.

“తలనొప్పిగా ఉందా అండీ?” అంది గైడు మేడమ్.

అప్పుడు చూసుకుంది. ఒక చేతిలో కాగితాలున్నాయి. రెండో చెయ్యి తన తలమీద ఉంది.

అయిపోయింది, సీటు పోయింది అనుకుంది. దాచడానికి ఇంకేం మిగిలింది గనక! “లేదండీ. మా క్లాసులో అర్థం కానివాళ్ళు ఇలా పెట్టుకుంటారు. నేను రాసింది నాకే అర్థం కాలేదు.”

పెద్ద ప్రొఫెసర్లలో ఒకాయన పకపకా నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మరి మీ నియమం ప్రకారం ఇప్పుడేం చెయ్యాలి?”

“మళ్ళీ చెప్పాలండీ. తేలిక మాటల్లో.”

“చెప్పండి.”

కాగితాలు బల్లమీద పెట్టేసి చెప్పింది. చెయ్యెత్తలేని పిల్లల గురించి, తలమీది చేతుల గురించి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. గైడు మేడమ్ చివరిదాకా విని అడిగింది. “అందరూ పెడతారా?”

“ఒక్క పాప తప్ప అందరూ పెడతారండీ. ఆ పాపకి అన్నీ అర్థమవుతాయి.”

“ఎలా తెలుసు?”

మళ్ళీ ఆ రెండు మాటలే. కానీ ఈసారి ఒళ్ళు మండలేదు. ఇన్నాళ్ళూ చేతులనే చూసింది, చెయ్యి లేని తలను ఒక్కసారైనా చూసిందా? గైడు మేడమ్ మొదటిరోజే అడిగింది ఇదే కదా! “తెలియదండీ” అంది, చాలా నెమ్మదిగా.

“కాగితంమీద ఆ మాట మొదటినుంచీ లేదు. అక్కడ మొదలుపెట్టండి” అంది గైడు మేడమ్. పక్కవాళ్ళ వైపు చూస్తే ఇద్దరూ తలూపారు. సీటు నిలబడింది.

తిరుగుబస్సులో మళ్ళీ మగత కమ్మింది. పెద్ద మాటలన్నీ సంచులు సర్దుకుని స్టాపుకొకటి చొప్పున దిగిపోతున్నాయి. కొన్ని వెళ్తూ వెళ్తూ పలకరించాయి కూడా. బస్సంతా ఖాళీ అయ్యాక చూస్తే, చివరి సీట్లో కిటికీ పక్కన ఒక పాప చేతులు కట్టుకుని నవ్వుతూ కూర్చుని ఉంది. “నువ్వెక్కడ దిగుతావమ్మా?” అని అడిగేలోపే మెలకువ వచ్చింది.

మర్నాడు బడి వదిలాక కిటికీ పాపను ఆపింది. సంతోషంగానే ఆపింది. పాప బాగుంది, సీటు బాగుంది, తన నియమం బాగుంది.

“నిన్న చెప్పిన లెక్క చేసి చూపిస్తావా అమ్మా?”

పాప పలక పట్టుకుంది. బలపం పైనా కిందా తిరిగి ఆగిపోయింది. రాలేదు. మొన్నటిదీ రాలేదు. అటు మొన్నటిదీ రాలేదు.

మళ్ళీ టీచరమ్మ చిన్న బెంచీమీద పాప పక్కనే ఇరుక్కుని కూర్చుంది. “మరి తలమీద చెయ్యి పెట్టలేదేం తల్లీ? నేను కోప్పడనుగా?”

“కోప్పడరు టీచర్.”

“మరి?”

“చెయ్యి పెడితే మీ మొహం చిన్నబోతుంది.”

పెద్ద మాటలూ రాలేదు, చిన్న మాటలూ రాలేదు. తన నియమంలో సిగ్గు లేదు, భయం లేదు అని ఊరంతా చెప్పుకుంది. ఈ మొహం సంగతి ఎవరు చూశారు! చెయ్యి దానంతటదే లేచి ఆమె తలమీద పడింది.

పాప ఆ చేతిని చూసింది. నియమం నియమమే. గొంతు సవరించుకుని, టీచరు చెప్పినట్టే నెమ్మదిగా, ఇంకాస్త తేలిక మాటల్లో మళ్ళీ చెప్పింది.

“అంటే టీచర్... మీకు బాధేస్తుంది కదా. నాకు మీరు నవ్వుతూ ఉంటేనే ఇష్టం.”