రందికి రందా

పోయిన వానాకాలంలో ఒక పొద్దున యాప్రాల్‌లో కొత్త అపార్ట్‌మెంట్‌కి తలుపులు బిగిస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "మీ రందా సార్ పోయిండంట బిడ్డా. పని ఆపి జెల్ది బొల్లారం పో," అంది. ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది నాకు. ఆయనకి ఆ పేరు రావడానికి కారణం అమ్మే మరి.

ఆయన మా బడిలో క్రాఫ్ట్ సార్. మీ బడిలో అట్లాంటి గది ఉండేదో లేదో గానీ, రాంగోపాల్‌పేట్‌లోని మా బడిలో మెట్ల కింద ఉండేది. లోపల రెండు పొడుగు బల్లలు, రంపాలు, ఉలులు, ఎప్పుడూ చెక్కపొట్టు వాసన. సార్ గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చారు. ఆయన చిత్రిక తెమ్మంటే మేం దిక్కులు చూసేవాళ్ళం. చెక్కని నున్నగా గీకేది చూపిస్తే, "ఓ, రందానా సార్! గట్ల చెప్పాలె గదా," అనేవాళ్ళం. ఆయన ఆ మాటని శ్రద్ధగా నేర్చుకున్నారు. కొత్త మాట కదా, ఎక్కడ వాడదామా అని ఎదురుచూస్తున్నారు.

నేనేమో క్లాసులో కూర్చోలేని రకం. లెక్కల పీరియడ్ సగమయ్యేసరికి గోడ దూకేవాణ్ణి. ఇంకోసారి పారిపోతే టీసీ ఇచ్చేస్తామని హెడ్మిస్ట్రెస్ అమ్మని పిలిపించి చెప్పారు. అమ్మ బయటికొచ్చి, వరండాలో కనిపించిన క్రాఫ్ట్ సార్ ముందు కళ్ళు తుడుచుకుంది.

"ఈ పోరని రందితోటి నాకు బువ్వ సుత పోతలేదు సార్."

సార్ మొహం వెలిగిపోయింది. "రందా కావాలంటే నేనిస్తాగదమ్మా! దానికి అన్నం మానేయడం ఎందుకు?"

అమ్మ నావైపు తిరిగింది. "నేనేమంటున్న, ఈ సార్ ఏమంటుండు రా?"

"సార్, రందా కాదు. రంది. రంది అంటే ఫికర్, బెంగ సార్," అన్నాను.

సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. అమ్మకీ నవ్వొచ్చింది. నవ్వాపి, ఆయన నిజంగానే రందా తెచ్చి నా చేతిలో పెట్టారు. "సరేనమ్మా, నీ రందికి ఇదే మందు. వీడికి కూర్చోబుద్ధి కానప్పుడల్లా నా గదికి వస్తాడు. ఇక్కడ అందరూ నిలబడే ఉంటారు, పారిపోయే పని లేదు." హెడ్మిస్ట్రెస్‌ని ఎట్లా ఒప్పించారో నాకు తెలియదు. టీసీ మాట మాత్రం మళ్ళీ రాలేదు.

ఆయన బల్ల మీద ఎప్పుడూ ఒక ఎర్ర సబ్బు ముక్క ఉండేది. స్క్రూ బిగించే ముందు దానికి సబ్బు రాయాల్సిందే. "సబ్బెందుకు సార్, స్క్రూకి తానం చేపిస్తమా?" అని అడిగాను ఒకసారి. "విప్పేవాణ్ణి కూడా తలుచుకుని బిగించాలిరా," అన్నారు. అప్పుడు నాకు పెద్దగా అర్థం కాలేదు. చెయ్యి మాత్రం నేర్చేసుకుంది.

తొమ్మిదిలో చదువు మానేశానని చెప్పడానికి వెళ్తే తిట్టలేదు. "పనెక్కడ?" అని అడిగారు, అంతే. నేను షాపు మారినప్పుడల్లా వెళ్ళి చెప్పేవాణ్ణి. "ఈసారి ఎవరిని వదిలేశావురా?" అంటూ టీ పెట్టించేవారు. రిటైరయ్యాక బొల్లారంలో పాత పెంకుటిల్లు, దానికి రెండు రెక్కల తలుపు. ప్రతి వానాకాలం ఒక రెక్క ఉబ్బి చట్రంలో బిగుసుకుపోయేది. గీకేస్తానంటే ఒప్పుకునేవారు కాదు. "తడి చెక్కని గీకితే ఎండాకాలం సందు పడుద్ది. అదే తగ్గుద్ది, ఆగు. నీకు రాని పని అదొక్కటే, ఆగడం."

ఆ రోజు నేను వెళ్ళేసరికి ఇంటి ముందు గొడుగులు. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. లోపల సార్‌ని పెట్టెలో పడుకోబెట్టారు. తెరిచి ఉన్న ఒక్క రెక్కలోంచి పెట్టె పట్టదు, రెండోది కదలదు.

"ఎన్క దర్వాజ పెద్దగున్నది, అటు కెళ్ళి తీస్కపోదం," అన్నాడు పక్కింటాయన.

"వద్దు," అన్నారు టీచరమ్మ. సార్ భార్యని మేమంతా అట్లాగే పిలుస్తాం. "ఊళ్ళో అందరి తలుపులూ సరిచేసిన మనిషి. దొడ్డిదారిన పంపించను. ఈ గుమ్మంలోంచే వెళ్ళాలి."

అందరూ ఆ రెక్క వైపే చూస్తున్నారు. ఎవరో గొడ్డలి అన్నారు. నేను లోపలికెళ్ళి రెక్కని చట్రానికి పట్టి ఉంచే బందులు చూశాను. సార్ తన చేత్తో బిగించినవి. పైన ఇన్నేళ్ళ తుప్పుంది. స్క్రూలు విరుగుతాయేమో అని భయపడుతూనే స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను. మొదటి స్క్రూ చిన్నగా కిర్రుమని, మెత్తగా బయటికొచ్చేసింది. మిగతావీ అట్లాగే వచ్చాయి. రెక్కని నలుగురం పట్టి లాగి వరండా గోడకి ఆనించాం. సార్ ముందు గుమ్మంలోంచే వెళ్ళారు.

సాయంత్రం శ్మశానం నుంచి తిరిగొచ్చాం. వాన ఆగలేదు. సగం తలుపు లేని ఇంట్లో టీచరమ్మని వదిలి ఎట్లా వెళ్తాను? పెడదామంటే ఉబ్బిన రెక్క చట్రంలో కూర్చోవడం లేదు. సార్ రందానే అందుకున్నాను గానీ చెయ్యి ఆగిపోయింది. "తడి చెక్క గీకొద్దనేటోడు అమ్మా," అన్నాను.

"గీకెయ్ నాయనా. ఇన్నాళ్ళూ ఆయన మాటే విన్నాం. ఇవాళ నా మాట విను."

గీకాను. స్క్రూలకి మళ్ళీ సబ్బు రాసి బిగించాను.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. సార్ చెప్పినట్టే సందు పడింది. మొన్న ఆదివారం దాన్ని మూయడానికి సన్నని టేకు బద్ద ఒకటి నున్నగా గీకి తీసుకెళ్ళాను. తలుపు వేసి ఉంటే వెనక దర్వాజలోంచి లోపలికెళ్ళాను. ఆ సందులోంచి వెలుతురు, సార్ చెక్క మీద గీసే పెన్సిల్ గీతంత తిన్నగా, నేల మీద పడి ఉంది. టీచరమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని, ఆ గీతలో బియ్యం ఏరుకుంటున్నారు.

బద్దని సంచిలోంచి తీయలేదు నేను.

"ఈసారి ఎవరిని వదిలేశావురా?" అన్నారు ఆవిడ, తలెత్తకుండానే. "ఎవర్నీ వదలలే అమ్మా," అన్నాను. వెలుతురు కొంచెం జరిగింది. ఆవిడ కూడా చాటతోపాటు కొంచెం జరిగారు.