మారయ్య మనవరాలు

ఉజ్వలకి తన పనంటే ఇష్టం. సెంగ్‌కాంగ్‌లో పెద్దవాళ్ళ కోసం నడిపే ఒక సెంటర్లో ఆమె ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్ళు, తుంటి విరిగి అతుక్కున్నవాళ్ళు ఆమె భుజం పట్టుకుని మళ్ళీ అడుగులు నేర్చుకుంటారు. సాయంత్రం యీషున్‌లో ఇంటికొచ్చి, భర్త శ్రీనాథ్ ఇచ్చిన టీ తాగుతూ, "ఇవాళ టాన్ అంకుల్ కర్ర లేకుండా నడిచాడు తెలుసా!" అని చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి.

సత్యవాణి ఆంటీ కూడా మోకాలి నొప్పితో అక్కడికొచ్చినావిడే. రాజమండ్రిలో ఇంగ్లీషు లెక్చరరుగా రిటైరై, దేశం దాటొచ్చి ఇక్కడ కొడుకు దగ్గర ఉంటోంది. నొప్పి తగ్గాక కూడా ఉజ్వలని వదల్లేదు. "నన్ను నువ్వు నడిపించావు, నిన్ను నేను చదివిస్తాను పద" అని తన పుస్తకాల బృందంలోకి లాక్కుపోయింది. నెలకో ఆదివారం ఆవిడ ఫ్లాట్లోనే అందరూ చేరేవారు. ఆవిడకో పిచ్చి ఉంది. విక్టోరియా రాణి కాలంలో జనం ఎగబడి చదివి, తర్వాత పూర్తిగా మరిచిపోయిన నవలల్ని ఇంటర్నెట్లో వెతికి తీసి అందరికీ పంపేది. మారిపోయిన వీలునామాలు, తాళం వేసిన గదులు. ఉజ్వలకి బస్సులో మంచి కాలక్షేపం.

ఒక నెల వచ్చిన నవల మాత్రం ఆమెకి మింగుడుపడలేదు. ఒక దొంగని ఉరితీస్తారు. వాడి పసిబిడ్డని చర్చి ఫాదరు తెచ్చుకుని పెంచుతాడు. పిల్లాడు బుద్ధిమంతుడు, బాగా చదువుకుంటాడు. తీరా పెళ్ళి ముందురోజు మామగారింట్లో వెండి గిన్నెలు చూడగానే వాడి చెయ్యి దానంతటదే ముందుకు వెళుతుంది. తండ్రి నెత్తురు మేలుకుందని రాసింది రచయిత్రి. అది చదువుతూ ఉజ్వల దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆ ఆదివారం ఆంటీ ఇంట్లో ఉప్మా ప్లేట్లు అందరి చేతుల్లోకి వచ్చాయి. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన కేశవరావు ముందుగా గొంతు సవరించుకున్నాడు.

"అంతేగా మరి! పెంపకం పైపూత. పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది?"

ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఉజ్వల కూతురు తన్మయి సోఫా మూల ఫోన్ చూసుకుంటోంది.

ఉజ్వల మాట్లాడాలని అనుకోలేదు. కానీ నోట్లోంచి వచ్చేసింది. "మా తాతయ్య పుట్టుదొంగ అంకుల్."

అందరూ నవ్వారు.

"నిజంగానే. సర్కారు కాగితాల్లో అలాగే రాశారు. మాది ఎరుకల కులం. మా పెద్దవాళ్ళు గాడిదల మీద ఉప్పు మోసుకెళ్ళి ఊరూరా అమ్మేవాళ్ళట. రైళ్ళొచ్చాక ఆ బేరం పోయింది. తిరిగేవాళ్ళంటే తెల్లదొరలకి అనుమానం. కులాలకి కులాల్నే నేరస్తులని చట్టం చేశారు, ఇలాంటి నవలలు వచ్చిన కాలంలోనే. తర్వాత అది మా మీదికీ వచ్చింది. మా తాతయ్య మారయ్య, అలాంటివాళ్ళని కాపలాలో ఉంచే సెటిల్‌మెంటులో పుట్టాడు. నడక రాకముందే దొంగ. ఒళ్ళు కాలిపోతున్నా లేచి పోలీసులకి హాజరు చెప్పాల్సిందే. పొరుగూళ్ళో పెళ్ళికి వెళ్ళాలన్నా వాళ్ళిచ్చిన చీటీ ఉండాలి."

కేశవరావు ప్లేటు కింద పెట్టాడు. "నేను కథ గురించి అన్నానమ్మా."

"తెలుసంకుల్. మా తాతయ్యకి అది కథ కాదు. ఆయన ఆకు ఆరబెట్టే పొగాకు బారన్లలో పనిచేసి పిల్లల్ని బడికి పంపాడు. మా నాన్న పోస్ట్‌మ్యాన్ అయ్యాడు. నేను మీ అందరి మోకాళ్ళూ వంచుతున్నాను."

అప్పుడు సత్యవాణి ఆంటీ కళ్ళజోడు పెట్టుకుంది. "ఆ చివరి భాగం మళ్ళీ చదువుదాం. పైకి చదవండి."

ఒకరి తర్వాత ఒకరు చదివారు. మధ్యలో ఆంటీయే ఆపింది. "చూశారా, ఇంత పుస్తకంలో ఆ పిల్లాడు ఒక్క వస్తువు మీద ఆశపడ్డట్టు ఎక్కడా లేదు. వాడంతట వాడు వెళ్ళలేదు ఆ గిన్నెల దగ్గరికి. ఈ రచయిత్రి తోసింది!" ఇక అక్కణ్ణించి వాదనలే వాదనలు. ఉప్మా చల్లారిపోయింది. ఉజ్వల కూడా గొంతు పెంచి పోట్లాడింది, హాయిగా.

బస్‌స్టాపుకి నడుస్తుంటే తన్మయి అడిగింది. "నాన్నకి తెలుసా?"

"పెళ్ళికి ముందే చెప్పాను."

"మరి నాకు? వై యూ నెవర్ టెల్ మీ?"

"బాధపడతావేమోనని."

"బాధ కాదమ్మా," అంది తన్మయి ఆ ఊరి పిల్లల యాసలో. "ఐయామ్ సో యాంగ్రీ లా, మీ తాతయ్య కోసం." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది, "హౌ వాజ్ హీ?"

"పెద్దగా నవ్వేవాడు. నన్ను ఎత్తుకుని పొలాలన్నీ తిప్పేవాడు. అష్టాచెమ్మాలో మాత్రం దొంగాట ఆడేవాడు. గవ్వ తిరగేసి ఏమీ ఎరగనట్టు మొహం పెట్టేవాడు."

తన్మయి నడిరోడ్డు మీద ఆగి పగలబడి నవ్వింది. ఉజ్వలకీ నవ్వు ఆగలేదు. ఇంతకాలం ఎందుకు దాచానా అనిపించింది ఆమెకి. ఇంటికెళ్ళాక తాతయ్య ఫోటో తీసి ఇద్దరూ చాలాసేపు చూశారు.

పదిరోజుల తర్వాత కేశవరావు సెంటర్‌కి వచ్చాడు. నడుం నొప్పి అన్నాడు. పరీక్షించి చూస్తే నిజంగానే పట్టేసింది. ఉజ్వల ఆయన్ని చాప మీద పడుకోబెట్టి, మోకాలు గుండెకి ఆనించి మెల్లగా నొక్కుతోంది. ఆయన పైకప్పు వైపే చూస్తూ అడిగాడు.

"మారయ్యగారు ఎన్నాళ్ళు బతికారమ్మా?"

గారు అన్నాడని ఉజ్వల గమనించింది.

"ఎనభై దాటారంకుల్. చివరిదాకా పొలం వెళ్ళొచ్చేవారు. ఊపిరి బిగబట్టకండి. ఇప్పుడు రెండో కాలు."