పేతురు చెరువులో దుర్గారాజు మునక

పేతురు మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత చెబితే మీరు నమ్మరు.

ఆకివీడు నుంచి కొల్లేటి వైపు పోయే దారిలో ఉన్న ఆ ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా మంచినీళ్ల చెరువు అతని చేతిలోనే ఉంది. మోటారు వేసేది అతనే, ఫిల్టరు బెడ్ల మీద నాచు గీకేది అతనే, ట్యాంకులో బ్లీచింగు కలిపేది అతనే. బోరు వేస్తే ఉప్పునీళ్ళు, చుట్టూ చూస్తే చేపల చెరువులు. ఊరికి తాగడానికి వేరే చుక్క లేదు. అయినా ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు మెచ్చుకున్న పాపాన పోలేదు. నీళ్ళొచ్చిన రోజున పేతురు ఎవరో ఎవరికీ పట్టదు, రాని రోజున మాత్రం ఊరంతా అతని గుమ్మంలోనే ఉంటుంది.

2007 వేసవిలో, కాలువలు కట్టేసిన వారానికి, మోటారు నీళ్ళకి బదులు గాలి పీల్చింది. తాడేపల్లిగూడెం నుంచి మెకానిక్కుని తెచ్చి విప్పించారు. మోటారులో ఏ లోపమూ లేదు. లోపమల్లా చెరువు అడుగున, పైపు మూతికున్న జాలీలో. వేలిగోరంత నల్లగుల్లలు దానికి సందు లేకుండా అంటుకుపోయాయి.

ఏలూరు నుంచి నీళ్ళ శాఖ ఇంజనీరు, ఏఈ గారు, జీపులో వచ్చారు. "ఇవి మన గుల్లలు కావయ్యా. ఓడల అడుగున అంటుకుని ఏ దేశాన్నుంచో దిగినవి. చేపల చెరువుల వలలతో ఇక్కడికి చేరుంటాయి" అని చెప్పి, ఉత్తర్వు చదివారు. చేపల చెరువులో తడిసిన వల గానీ, తాడు గానీ, పడవ గానీ పది రోజులు ఎండలో ఎండితే తప్ప మంచినీళ్ల చెరువులో దించకూడదు. దించితే జరిమానా, పనివాడైతే పని కూడా పోతుంది. ఆ కాగితం పంపుషెడ్డు గోడకి అంటించిందీ, కాపలా కాయాల్సిందీ పేతురే.

మరి జాలీ గీకేదెవరు? రెండు నిలువుల లోతు. పేతురుకి ఈత రాదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. చేపలు పట్టుకు బతికే వడ్డీల పేట నుంచి దుర్గారాజుని పిలిచారు. కొల్లేట్లో సర్కారు చేపల చెరువుల గట్లు కొట్టేశాక సొంత పని పోయి, వాళ్ళ చెరువుల్లో వీళ్ళ చెరువుల్లో కూలికి దిగుతున్నవాడు. వలసంచి మెడకి తగిలించుకుని మునిగాడు. గట్టు మీద నూట ముప్పై లెక్కపెట్టారు, తేలలేదు. ఆడవాళ్ళు గుండెలు బాదుకోబోతుంటే అప్పుడు తేలాడు, సంచి నిండా గుల్లలతో. సాయంత్రానికి కుళాయిల్లో నీళ్ళు.

ఇక చూడాలి ఊరి సంబరం! ఎక్కడ విన్నా దుర్గారాజే. ఆదివారం చర్చిలో పాస్టరు గారు, "మా దాహం తీర్చిన దుర్గారాజును దీవించు తండ్రీ" అన్నారు, ముందు వరసలో పేతురు కూర్చుని ఉండగానే! వారం వారం మునిగే పని కూడా ఏఈ గారు దుర్గారాజుకే ఇచ్చారు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు, ఆ కొమ్ములు తిన్నగా పేతురు కడుపులోనే దిగాయి. ఇంటికొస్తే భార్య సువర్ణ, "ఏవండీ, పాపం తడిబట్టలతోనే పోయాడంట, ఓ గ్లాసు టీ అయినా ఇప్పించారా?" అంది. పేతురు కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"నేను ఇరవై రెండేళ్ళు చేస్తే చాకిరీ, వాడు రెండు నిమిషాలు మునిగితే మహిమ!" అని పంపుషెడ్డులో కూర్చుని మోటారుతో చెప్పుకునేవాడు. కుళ్ళు ఒకసారి పట్టిందంటే మనిషిని నిద్రపోనివ్వదు కదా. దుర్గారాజు ఎప్పుడు దొరుకుతాడా అని కనిపెట్టుకుని ఉన్నాడు.

దొరికాడు. వల పట్టేవాళ్ళకో అలవాటుంది. ఎండిన సంచి బిరుసెక్కి చేతులు కోస్తుంది, అందుకని దిగబోయే ముందు ఎక్కడో ఒకచోట దాన్ని తడిపి మెత్తబరుచుకుంటారు. తాతల నాటి పద్ధతి. దుర్గారాజు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎండిన సంచితోనే వచ్చేవాడు. ఒక మంగళవారం మాత్రం, ఏ ధ్యాసలో ఉన్నాడో, వస్తూ వస్తూ దారి పక్క చేపల చెరువులో దాన్ని ముంచి భుజాన వేసుకొచ్చాడు.

పేతురు చూశాడు. సంచి కొసన కారుతున్న నీళ్ళు చూశాడు. "ఆగు దుర్గారాజూ" అంటే సరిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా, వచ్చినదాన్ని మింగేశాడు! ఊరు తాగే నీళ్ళలో, తన పిల్లలు తాగే నీళ్ళలో ఆ సంచి దిగుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పూర్తిగా మునిగాక అప్పుడు కాగితం తీసి ఫిర్యాదు రాశాడు. ఛీ, ఏం బుద్ధి అది!

దుర్గారాజు అబద్ధమాడలేదు. "తడిపానండీ. చేతికి అలవాటైపోయిందండీ. తప్పేనండీ" అన్నాడు. పని పోయింది. ఏఈ గారు పేతురు భుజం తట్టి, "కాపలా అంటే నీదయ్యా" అని మెచ్చుకున్నారు. పేతురు ఓ వారం రోజులు రొమ్ము విరుచుకుని తిరిగాడు.

మూడు వారాలకి జాలీ మళ్ళీ మూసుకుపోయింది. రోహిణి కార్తె ఎండలు. రెండు రోజులు కుళాయి రాకపోయేసరికి బిందెలన్నీ అతని వాకిట్లోకి వచ్చాయి. అంత లోతు మునిగేవాడు మరొకడు దొరకలేదు. ఏం చేస్తాడు, సందెవేళ తల వంచుకుని వడ్డీల పేటకి పోయాడు.

"జాలీ మళ్ళీ..." అని నసిగాడో లేదో, దుర్గారాజు లేచాడు. "పొద్దున్నే వస్తానండీ. మా పేట కూడా ఆ నీళ్ళే తాగుద్ది గదండీ."

వచ్చాడు. ఎండిన సంచితోనే దిగి, వేళ్ళు కోసుకుపోతున్నా గీకి, జనం రాకముందే పైకొచ్చాడు. "నన్ను దింపారని తెలిస్తే ఏఈ గారు మిమ్మల్ని అంటారు. పొరుగూరి మనిషిని తెచ్చానని చెప్పండి పేతురు గారూ" అని గట్టు దిగి వెళ్ళిపోయాడు.

కుళాయిలొచ్చాయి. వీరరాఘవమ్మ అనే పెద్దావిడ నిండు బిందె చంకన పెట్టుకునే గట్టెక్కింది, వెనకాల పాతికమంది. "ఎవర్ని ఎక్కణ్ణుంచి తెచ్చావో గానీ, నీ చలవే నాయనా పేతురూ!" అంది.

ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట! పేతురుకి సంతోషం కలగాలా? కలగలేదు. మునుపటికి పదింతలు మండింది. నీళ్ళిచ్చిన పేరు వాడిదే, మంచితనమూ వాడిదేనా? పైగా ఆ పేరు నాకు దానం చేసిపోతాడా? ఆ దానం అరగలేదు అతనికి.

"నా చలవ కాదమ్మా!" అని అరిచాడు. "దిగింది దుర్గారాజు. ఆవేళ తడిసంచి చెరువులో దిగుతుంటే చూసి కూడా నేనే ఆపలేదు. వాడి మీద ఓర్వలేక ఆపలేదు, వాడి పని పోవాలని!"

వీరరాఘవమ్మ బిందె కింద దించింది. కాసేపు అందులోకి చూసి, తలెత్తి, కోపం లేకుండానే అడిగింది.

"అయితే ఈ నీళ్ళు తాగొచ్చా, పేతురూ?"

ఇరవై రెండేళ్ళలో ఆ మాట అతన్ని అడిగినవాళ్ళు లేరు, అడక్కుండానే తాగారు.